బెత్తెడు ఎముక

కెరోలిన్‌ది జమ్మలమడుగు. తండ్రి మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు కావడంతో కట్లు కట్టిన కాళ్లూ చేతులూ చూస్తూ పెరిగింది. ప్రొద్దుటూరు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. విరిగిన ఎముకలో ఖాళీని పూడ్చే పదార్థం తయారీ నేర్పే కోర్సు పెట్టాలని యాజమాన్యంతో పోరాడి, వేర్వేరు శాఖల పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టింది. కెమిస్ట్రీ పిల్ల శిల్ప కోడిగుడ్ల పెంకులు కాల్చి, ఫాస్ఫేటు కలిపి పొడి చేసేది. మెకానికల్ చదివే మొయిన్ ఆ పొడిని సన్న రంధ్రాల బిళ్లలుగా అచ్చు పోసేవాడు. జువాలజీ దీప్తి వాటి మీద ఎముక కణాలు పెంచాలి.

పెంచిన ప్రతిసారీ కణాలు చచ్చిపోయేవి. తప్పు నీదంటే నీదని ముగ్గురూ మాటలు మానేశారు. ఇలాగైతే కోర్సు ఎత్తేస్తామని యాజమాన్యం చెప్పేసింది. కెరోలిన్‌కు అన్నం సయించేది కాదు.

ఏం చేయాలో తోచక పిల్లల్ని పులివెందులలో తనకు తెలిసిన ఎముకల డాక్టరు షాహుల్ దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ మంచం మీద మునెమ్మ ఉంది. శనగ పండించుకునే మనిషి. ఎర్రగుంట్ల దగ్గర లారీ గుద్ది మోకాలి కింద ఎముక నుజ్జయింది. చీము పట్టిన ముక్కలు తీసేస్తే బెత్తెడు ఖాళీ మిగిలింది. పిల్లల పని గురించి డాక్టరు చెప్పగానే ఆమె ఆశగా లేచి కూర్చుంది.

"మీరు చేసేది నా కాలికి పెడ్తారామ్మా?"

కెరోలిన్ తల అడ్డంగా ఊపి, "లేదమ్మా. దానికింకా శానా ఏండ్లు పడ్తాది," అంది.

తిరుగు బస్సులో ముద్దనూరు దాటాక దీప్తి శిల్పను అడిగింది. "పెంకు కాల్చినాక ఏం మిగుల్తాది?"

"సున్నం. ఫాస్ఫేటు కలిపితే అంతా మారిపోతాదనుకున్నా."

"కొంచెం సున్నం మిగిలినా ఆ ఘాటుకు కణాలు యాడ బతుకుతాయి?"

బిళ్లలు విరుగుతాయని తాను సరిగా కడగనే లేదన్నాడు మొయిన్. దీప్తి అడిగిన ప్రశ్న కెమిస్ట్రీ చెప్పే తానే ఎప్పుడో అడగాల్సిందనుకుంటూ కెరోలిన్ కిటికీ వైపు తల తిప్పుకుంది.

సున్నం పోయేదాకా కడిగి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే బతికిన కణాలు బిళ్లను కరుచుకుని కనిపించాయి. ఆ ఫోటోలతో కెరోలిన్ యాజమాన్యం దగ్గరికి పరుగెత్తింది. బాగుందన్నారు. కానీ కొత్తగా ఎవరూ చేరని కోర్సు నడపలేమంటూ గదిని కంప్యూటర్ ల్యాబుకు ఇచ్చేశారు.

ఆ వారమే డాక్టరు ఫోన్ చేశాడు. చీము పైకి పాకడంతో మునెమ్మ కాలు తీసేశారట.

కెరోలిన్ ఒక్కతే వెళ్లింది. క్షమించమని అడగాలనుకుంది, దేనికో తనకే తెలియలేదు. మునెమ్మే ఆమెను మంచం అంచున కూర్చోమంది. ఆ పిల్లోళ్లు చేసేది కుదిరిందా అని అడిగింది.

కుదిరిందని చెప్పింది కెరోలిన్. గది పోయిన సంగతి మాత్రం చెప్పలేదు.