ఝాన్సీ ప్రేమకథ చిలకపచ్చకు చేరిన వైనం

హిందూపురంలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఎదురుగా గోవిందప్ప డీటీపీ సెంటరు ఉంది. అందులో పద్నాలుగేళ్ళుగా టైపు చేస్తున్న మనిషి ఝాన్సీ. వయసు ముప్పై తొమ్మిది. పుట్టింది రొద్దంలో, కాపురం పెనుకొండలో. పొద్దున ఎనిమిదిన్నర బస్సుకు వచ్చి సాయంత్రం ఆరు గంటల బస్సుకు వెళ్ళిపోతుంది. అన్నదమ్ములు విడిపోయిన కాగితాలూ ఆమే కొట్టింది, వాళ్ళ పిల్లల పెళ్ళి కార్డులూ ఆమే కొట్టింది.

మధ్యాహ్నం ఆఫీసువాళ్ళు భోజనానికి లేచారంటే వీధిలో జనం పలచబడతారు. ఆ గంట ఝాన్సీది. క్యారియరు విప్పి నాలుగు ముద్దలు తిని, చేయి కడుక్కుని, కంప్యూటర్లో 'రిజిస్ట్రేషన్ ఏడు' అనే ఫైలు తెరుస్తుంది. అందులో ఏ రిజిస్ట్రేషనూ లేదు. ధర్మవరంలో పట్టు కండెలు చుట్టే సరోజ, మగ్గాలకు డిజైను అట్టలు కొట్టే ఓబులేసు, వాళ్ళిద్దరి ప్రేమ ఉన్నాయి. డిగ్రీ చదివిన మూడేళ్ళూ ఝాన్సీ ధర్మవరంలో మేనత్త ఇంట్లో ఉండింది. ఇరుపక్కలా మగ్గాల ఇళ్ళే. ఆ చప్పుడు ఇన్నేళ్ళయినా ఆమె చెవుల్లోంచి పోలేదు.

అట్లా ఆరేళ్ళలో ఒక నవల పూర్తయింది, రెండోది కూడా చివరికొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. భర్త సాల్మన్ ఇళ్ళకు రంగులు వేసే పెయింటరు. అతనికీ చెప్పలేదు. చెప్పకూడదని కాదు, ప్రేమకథ రాస్తున్నానని పెళ్ళయిన పదిహేనేళ్ళకు మొగుడితో ఎట్లా మొదలుపెట్టాలో తెలియక.

ఒకరోజు బస్సులో ఫోను చూస్తుంటే ప్రకటన ఒకటి కనబడింది. 'చిలకపచ్చ' అని కొత్తగా పెట్టిన ప్రచురణ సంస్థ. కాగితం పుస్తకాలు వేయరు, అంతా ఫోన్లో చదువుకునేవే, అన్నీ ప్రేమకథలే. కొత్తవాళ్ళు పంపవచ్చు. మొదటి మూడు అధ్యాయాలు, ఒక పేజీలో కథ, రచయిత గురించి వంద మాటలు. బస్సు పాలసముద్రం ఊరు దాటేలోగా దాన్ని ఆమె ఐదుసార్లు చదివింది.

మర్నాడు భోజనాల వేళ అధ్యాయాలు ఎక్కించింది. కథ ఒక పేజీకి కుదించింది. తన గురించి రాయాల్సిన వంద మాటల దగ్గర మాత్రం చేతులు ఆగిపోయాయి. ఊళ్ళో వాళ్ళందరి వివరాలూ కొట్టిన మనిషికి తన వివరం ఎట్లా చెప్పాలో తోచలేదు. చివరికి తెలిసిన పద్ధతిలోనే ఫోన్లో టైపు చేసింది. "సాల్మన్ భార్య ఝాన్సీ, వయసు 39, వృత్తి డీటీపీ, పెనుకొండ కాపురస్తురాలు. ఈ కథ నా సొంత కష్టార్జితం. దీని మీద ఎవరికీ ఎట్టి హక్కులు, తగాదాలు లేవు. నా పూర్తి సమ్మతితో, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్నాను." కళ్ళు మూసుకుని పంపేసింది.

పన్నెండు రోజులకు జవాబు వచ్చింది. రాసినావిడ పేరు పద్మావతి, అక్కడి సంపాదకురాలు. "ఝాన్సీ గారూ, మీ ఫైలు తెరిస్తే తెలుగు రావడం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, డాలరు గుర్తులు వస్తున్నాయి. మీ పరిచయం మాత్రం బాగా కనబడింది. అది చదివి మా ఆఫీసంతా నవ్వుకున్నాం, మంచి నవ్వే. ఈ మనిషి కథ ఎట్లా రాస్తుందో చూడాలని ఉంది. యూనికోడ్‌లో మళ్ళీ పంపగలరా?"

ఝాన్సీకి తల కొట్టేసినట్టయింది. సెంటర్లో ఇప్పటికీ పాత ఫాంటులోనే పని. అది లేని కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలు గల్లంతవుతాయని వచ్చేవాళ్ళందరికీ తనే చెబుతుంది. పద్నాలుగేళ్ళు ఇదే పని చేసి, తన దాకా వచ్చేసరికి ఆ సంగతే మరిచింది.

ఫాంటు మార్చే సాఫ్ట్‌వేరులో వేస్తే నవల మారింది గానీ వత్తులు చెదిరిపోయాయి. వాక్యం వాక్యం సరిచూడాలి. ఎప్పుడో తీసిపెట్టుకున్న ప్రింటు పక్కన పెట్టుకుని మొదలుపెట్టింది. రెండో పేజీలోనే ఒక వింత కనబడింది. ప్రింటులో 'విధ్యార్థి' అని ఉన్నచోట ఫైలులో 'విద్యార్థి' అని ఉంది. తను దిద్దలేదు. ఇంకో పేజీలో ఇంకోటి. ఐదో అధ్యాయం ప్రింటులో మంగళవారం అని ఒకచోట, బుధవారం అని ఒకచోట పడిన ఒకే రోజు, ఫైలులో రెండుచోట్లా మంగళవారమే అయి కూర్చుంది.

తలెత్తి చూసింది. గోవిందప్ప ఎదురు బల్ల దగ్గర పేపరు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. అరవై ఐదేళ్ళ మనిషి, మాట తక్కువ. ఒక్క అచ్చుతప్పు కనబడితే కార్డులన్నీ మళ్ళీ వేయించే రకం.

"సార్, నా ఫైలు... మీరు చూసినారా?"

ఆయన పేపరు దించలేదు. "నా సెంటర్ కంప్యూటర్లో తప్పులుంటే నాకు నిద్ర పట్టదమ్మా."

"ఎప్పట్నించి చూస్తాండారు సార్?"

"మూడేండ్లాయె. పొద్దున నువ్వు రాకముందు చదువుతా." పేపరు మడిచాడు. "పన్నెండో అధ్యాయం రాసి నువ్వు నెల్లాళ్ళు ఊరకుంటివి. ఆ ఓబులేసు కదిరి నుంచి తిరిగొస్తాడో రాడో అని నాకు ఒకటే యోచన. అడగాలంటే మొహమాటం."

ఝాన్సీకి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. సంగతంతా చెప్పింది. ఆయన లేచి బీరువాలోంచి సెంటరు పాత ల్యాప్‌టాప్ తీసి తుడిచి ఆమె ముందు పెట్టాడు. "ఇంటికి తీస్కపో. ఒకరు పైకి చదవల్ల, ఒకరు దిద్దల్ల. ప్రూఫు అట్లయితేనే కుదురుతాది."

చదివే మనిషి ఇంట్లోనే ఉన్నాడు. సాల్మన్ చదివింది పదో తరగతే అయినా ఆదివారం చర్చిలో వాక్యం చదివేది అతనే. మైకు లేకున్నా ఆఖరి బెంచీ దాకా వినబడే గొంతు. ఆ ఆదివారం ఆరాధన అయి ఇంటికొచ్చి, అన్నాలు తిన్నాక, ఝాన్సీ ప్రింటు కట్ట తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

"ఏందిది?"

"కథ. నేనే రాసినా. పైకి చదువు, నేను ఈడ దిద్దుకుంటా."

సాల్మన్ ఆమె ముఖం వంక, కట్ట వంక చూశాడు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ప్రేమకథను కూడా బైబిల్లో యెషయా గ్రంథం చదివినట్టే చదివాడు. సరోజ సిగ్గుపడినచోటా అదే గంభీరం, ఓబులేసు ఆమె కండె పట్టుకున్నచోటా అదే గంభీరం. ఝాన్సీ నవ్వు ఆపుకోలేక రెండుసార్లు వంటింట్లోకి పోయి వచ్చింది.

నాలుగో అధ్యాయంలో అతను టక్కున ఆగాడు. "'మీరు లేని ప్రతి క్షణం నాకొక యుగంలా గడుస్తోంది.' ఝాన్సీ, ఈ పిల్లది యా ఊరు?"

"ధర్మవరం."

"ధర్మవరంలో కండెలు చుట్టే పిల్ల ఇట్ల మాట్లాడుతాదా? నువ్వు నాతో యపుడన్నా ఇట్ల అంటివా?"

"అనలేదు. అయితే నేను యట్ల అంటి?" అంది ఝాన్సీ కాస్త రోషంగా.

సాల్మన్ కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. "నేను బెంగుళూరులో అపార్ట్‌మెంట్ల పనికి పోయి పదైదు దినాలు రాకపోతి. నువ్వు ఫోన్ చేసి, 'అన్నం తింటివా? నువ్వు లేకుంటే ఈడ చారు గూడా సప్పగా ఉండాది' అంటివి. అంతే. మేస్త్రీకి చెప్పి ఆ మధ్యాన్నమే బస్సెక్కినా. యుగం, క్షణం అని ఉంటే ఇంగో వారం ఆడనే ఉందును."

ఆ మాట అన్నట్టు ఝాన్సీకి గుర్తే లేదు. అతనికి మాత్రం తొమ్మిదేళ్ళుగా గుర్తుంది. తలవంచుకుని ఆ వాక్యం కొట్టేసి, చారు మాట రాసింది. రాస్తున్నంతసేపూ అతను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ తరువాత ఆరు ఆదివారాలు అదే పని. అతను చదివేది, ఆమె దిద్దేది. మాట అతకనిచోట అతను ఆగేవాడు, ఇద్దరూ ఆ మాటను నోట్లో వేసుకుని చూసేవాళ్ళు. అక్షరాలు సరిచేద్దామని కూర్చుంటే సరోజ, ఓబులేసుల నోళ్ళే మారిపోయాయి. సాల్మన్ నిచ్చెన మీద పని చేస్తూ కూడా ఏదో తోస్తే ఫోన్ చేసి, "ఓబులేసు వాళ్ళ నాయనను 'తండ్రీ' అనడు, 'నాయనా' అంటాడు, మార్చు" అని పెట్టేసేవాడు.

మూడు అధ్యాయాలు మళ్ళీ పంపింది. పద్మావతి మొత్తం పంపమంది. మొత్తం పంపింది. రెండు నెలలు ఏ కబురూ లేదు. గోవిందప్ప రోజూ ఆమె సెంటర్లో అడుగు పెట్టగానే "వచ్చిందా?" అన్నట్టు కనుబొమలు ఎగరేసేవాడు, ఝాన్సీ తల అడ్డంగా ఊపేది. ఒక గురువారం ఎవరిదో దానపత్రం సగంలో ఉండగా ఫోను మోగింది.

"ఝాన్సీ గారూ, మా మొదటి ఆరు పుస్తకాల్లో మీదొకటి వేస్తున్నాం" అంది పద్మావతి. "ఆ చారు మాట దగ్గర నేను చదవడం ఆపి మా ఆయనకు ఫోన్ చేశానండి."

ఆ మధ్యాహ్నం గోవిందప్ప పక్క హోటలు నుంచి వీధిలో అందరికీ కాఫీలు తెప్పించాడు. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఝాన్సీ చెప్పమన్నాక చెప్పాడు.

పుస్తకం పండగల ముందు వచ్చింది. కృతజ్ఞతల పేజీ రాయమంటే ఝాన్సీ గోవిందప్ప, సాల్మన్, పద్మావతి అని మూడు పేర్లు రాసి, చారు మాట గుర్తుచేసింది సాల్మనే అని ఒక ముక్క చేర్చింది. చర్చిలో ఏమంటారోనని కొంచెం బెదిరింది గానీ, పాస్టరమ్మే రెండు వాయిదాల్లో చదివేసి, "చివర్లో ఆ పిల్లను అంతసేపు ఏడిపించకుండా ఉంటే బాగుండు" అని మందలించింది.

ఆ తరువాత ఝాన్సీ రెండో నవల కూడా ముగించి పద్మావతికి పంపింది. వేసవిలో పద్మావతి హైదరాబాదు నుంచి బెంగుళూరు పోతూ కబురు పంపింది, రైలు ధర్మవరంలో ఐదు నిమిషాలు ఆగుతుందని. ఝాన్సీ తెల్లారే లేచి పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది. ఇద్దరూ పెనుకొండ నుంచి పొద్దున బస్సుకే వెళ్ళి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు.

రైలు ఆగగానే నెరిసిన జుట్టుతో, కళ్ళజోడుతో ఒకావిడ పెట్టె తలుపు దగ్గరే నిలబడి చేయి ఊపింది. దిగి వచ్చి ఝాన్సీ చేతులు పట్టుకుంది. సాల్మన్‌ను చూసి, "చారు మీదేనా?" అని నవ్వింది. సాల్మన్ ఓళిగల డబ్బా ముందుకు చాచాడు.

"మేడం, ఆ దినం మీరు ఆ పాడైన ఫైలును పక్కన పడేసి ఉంటే..." అని ఝాన్సీ ఏదో పెద్దగా చెప్పబోయింది. నాలుగు రోజులుగా మనసులో పేర్చుకున్న మాటలు.

"నాకు అర్థమైందిలెండి" అంది పద్మావతి. "ఇంకో మాట, ఫోన్లో చెప్పడం ఇష్టంలేక ఉంచాను. మీ రెండో నవల చదివాను. అది వేయలేం. ఇద్దరి మధ్యా గొడవకు సరైన కారణం లేదు. పందొమ్మిదో అధ్యాయంలో ఆమె వాళ్ళ అక్కతో మాట్లాడే చోటు మాత్రం బంగారం. అక్కడి నుంచి మూడోది మొదలుపెట్టండి. మొదట నాకే పంపాలి."

రైలు కూత వేసింది. ఆవిడ ఎక్కి, డబ్బా గుండెకు ఆనించుకుని, ప్లాట్‌ఫారం దాటేదాకా తలుపు దగ్గరే నిలబడింది.

"రెండోది బాగలేదనె కదా?" అన్నాడు సాల్మన్ మెల్లగా.

"ఊఁ."

"మరి నవ్వుతాండావేంటికి?"

"ముప్పై అధ్యాయాలూ చదివిందప్పా. ఒక్కటీ దాటేయకుండా చదివి, యాడ బాగలేదో చెప్పింది" అంది ఝాన్సీ. "నా రాతను అంత మర్యాదగా యవరు చూసినారు?"

సాల్మన్ సంచి భుజాన వేసుకున్నాడు. వచ్చిన దోవన కాకుండా, మేనత్త ఉండిన వీధి చూపించమని అడిగాడు. ఇద్దరూ మగ్గాల వైపు నడిచారు.