కబురు రాని పొద్దు

అర్ధవీడు మండలంలో గొర్రెలు కాసేవాళ్ల ఫోన్లలో రెండేళ్లపాటు నా గొంతు వినిపించింది. విదేశీ సాయంతో నడిచే వాతావరణ హెచ్చరికల ప్రాజెక్టులో నాకు ఉద్యోగం. ఊళ్లలోని బడుల పైకప్పుల మీద వాన, గాలి కొలిచే యంత్రాలు పెట్టాం. వానో వడగళ్లో ముంచుకొచ్చే రోజున పొద్దున్నే ఆ సంగతి రికార్డు చేసి మార్కాపురం ఆఫీసు నుంచి పంపేదాన్ని. "కబురు రాకపోతే భయం లేదు, ధైర్యంగా మందను తోలుకోండి" అని ఊరూరా మీటింగుల్లో చెప్పింది కూడా నేనే.

నలభై గొర్రెలున్న ఒక పెద్దమ్మ మొదట్లో నవ్వింది. "మబ్బు జూసి చెప్పేదానికి ఫోనెందుకు పాపా?" అంది. ఒక వేసవిలో వడగళ్లు పడతాయని చెప్పాను. ఎండ మండుతున్నా ఆమె మందను తొందరగా మళ్లించింది. ఆ సాయంత్రం వడగళ్లు పడ్డాయి. ఇక ఆ తర్వాత ఫోను చూసుకోకుండా ఆమె గొర్రెలను కొండకు తోలలేదు.

ఒకరోజు సాయమిచ్చే దేశం నుంచి మెయిలు వచ్చింది. సాయం ఆపేస్తున్నాం, ఈరోజు నుంచే పనులన్నీ నిలిపేయండి. అంతే.

"జీతం లేకపోయినా ఫర్వాలేదు సార్, కబుర్లు పంపుతాను" అన్నాను మేనేజరుతో.

"ఏం పంపుతావమ్మా? అంచనా వచ్చేది వాళ్ల దగ్గర్నుంచే. అది కూడా ఆపేసినారు."

"ఆగిపోయిందనైనా చెప్పొద్దా?"

"అన్నీ ఆపమన్నారు. ఆ మెసేజీ కూడా పంపకూడదంట."

ఊళ్లకు నేనే పోయి చెప్పి ఉండొచ్చు. బస్సుంది, ఆటో ఉంది. ఏ ముఖం పెట్టుకొని పోవాలన్న ఆలోచనతోనే వారాలు గడిచిపోయాయి.

అప్పుడు తుపాను వచ్చింది. అది ఎక్కడో తీరం దాటితే మా వైపు రెండు రోజులు చలిగాలి, వదలని ముసురు. మూడో రోజు పెద్దమ్మ ఫోను చేసింది.

"నీ కబురు రాలేదే పాపా. రాలేదంటే వాన లేదనుకుంటిని. మొన్న పొద్దున్నే కొండకు తోలుకపోతిని. తొమ్మిది గొర్రెపిల్లలు తడిసి బిగుసుకపోయి సచ్చినాయి."

ఆమె గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. సాయం ఆగిపోయిన సంగతి అప్పుడు చెప్పాను. "ఆపేటోళ్లు ఆ మాటొకటి చెప్పి ఆపకూడదా?" అంది. మేనేజరు మీద, ఆ దేశం మీద, అందరికన్నా ఎక్కువ నా మీద నాకు ఒళ్లు మండింది.

ఇప్పుడు పొద్దున్నే ఫోనులో జిల్లా వాతావరణం చూసి, నా దగ్గర నంబర్లున్న కొందరికి చెబుతున్నాను. బడుల మీద యంత్రాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, ఆ లెక్కలు చూసేవాళ్లే లేరు.

నిన్న పెద్దమ్మకు ఫోను చేశాను. "జిల్లాలో అక్కడక్కడ వానలు పడొచ్చంట."

"అక్కడక్కడంటే ఏడ పాపా? మా కొండ అందులో ఉందా లేదా?"

తెలియదన్నాను. ఆమె ఈరోజుకు దొడ్లోనే మేపుకుంటానని ఫోను పెట్టేసింది. ఇక్కడ మా ఊళ్లో రోజంతా ఎండ కాసింది. వాళ్ల కొండ మీద వాన పడిందో లేదో తెలియదు.