తాయెత్తు ఎవరు కట్టారు?

ఒక మనిషి నమ్మకాన్ని ఖండించే ముందు మీరు అతన్ని ఒక్క ప్రశ్నైనా అడిగారా?

డెబ్బైల్లో, ఒమాన్‌లో ఇబ్రి ఊరికి వెళ్లే టాక్సీలో నా పక్కన ఒక ఇంగ్లిషాయన కూర్చున్నాడు. పత్రికల కోసం దేశాలు తిరుగుతూ, నవలలూ రాసినవాడు. ముందు సీట్లో కరీంనగర్ మేస్త్రీ. అతని దండచేతికున్న తాయెత్తుకు మహిమ లేదని నేను దారి పొడవునా వాదించాను. "అట్లనే సార్" అంటూ అతను కిటికీలోంచి చూశాడు.

వాదన దేని గురించో నేను చెప్పగా విని, "ఎవరు కట్టారో అడగండి" అన్నాడు ఇంగ్లిషాయన. అడిగాను.

"మా అమ్మ, సార్. అన్న బాయిల వడి సచ్చినంక, కనీసం నన్నన్నా దక్కించుకోవాలని కట్టింది."

"ఇంతసేపూ చెప్పలేదేం?"

"మీరు అడిగిండ్రా?"

మేస్త్రీ మాటను ఇంగ్లిషులో చెప్పింది నేనే, ఆ కథ దక్కింది మాత్రం సరైన ప్రశ్న తట్టిన ఇంగ్లిషాయనకు. ఆ అసూయ ఇంకా చల్లారలేదు. తాయెత్తుకు మహిమ లేదని ఇప్పటికీ అంటాను. మీరూ అనండి. ముందు ఎవరు కట్టారో అడగండి.