సీటీ మోగాక పడిన బంతి

పోయినవి లెక్క వేస్తే ఇవి: ఆయన కుడి మోకాలు, కంపెనీ జట్టులో ఆడిన తొమ్మిదేళ్లు, ఆ తర్వాత చేతికొచ్చిన మైకు, నా పక్కన ఆయన కూర్చునే కుర్చీ, రెండు పాయింట్లు. మొదటి రెండూ బాస్కెట్‌బాల్ తీసుకుంది. మిగతా మూడూ నా వల్ల పోయాయి.

బొగ్గుగని దగ్గర బొగ్గు నింపుకుని పైకొచ్చే టబ్బులు లెక్కపెట్టడం నా పని. బడికి పోయింది తక్కువ. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. అందుకే మా బస్తీలో మ్యాచ్ జరిగితే స్కోరు పుస్తకం నాకిచ్చేవారు. పక్కనే, మేమంతా భాయ్ అని పిలిచే ఆయన మైకులో ఆట చెప్పేవాడు. మోకాలు పోయాక ఆయనకు మిగిలిన ఆట అదొక్కటే. ఎవరు వేశారో చెప్పి ఊరుకునేవాడు కాదు. బంతి ఎందుకు తప్పిందో, ఏ కాలు ముందు పడిందో తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి విడమర్చేవాడు. ఆట తెలియని ముసలివాళ్లు కూడా అది వినడానికే వచ్చేవారు.

ఒక ఏడాది ఆసిఫాబాద్ జట్టుతో ఫైనల్. వాళ్లవి నలభై ఒకటి, మావి నలభై. మావాడు బుట్ట వైపు విసిరాడు. బంతి గాలిలో ఉండగానే ఆఖరి సీటీ మోగింది. తర్వాత బుట్టలో పడింది. మనం గెలిచామని ఆయన మైకులో చెప్పేశాడు. నేను రాయలేదు. గనిలో సైరన్ మోగాక పైకొచ్చిన టబ్బు తర్వాతి షిఫ్టు లెక్కలోకి పోతుంది. పదేళ్లుగా నా చేతికి అదే అలవాటు.

ఆయన మైకు పక్కన పెట్టి నా వైపు వంగాడు.

"తమ్మీ, బంతి చెయ్యి ఇడిసింది సీటీకి ముందుగాల. గట్లైతే పాయింట్లే. రాయి."

"సీటీ అయినంక పడ్డది గద, భాయ్."

"గిది టబ్బు గాదురా."

రిఫరీ కూడా గని మనిషే. పుస్తకంలో లేనిది లేదన్నాడు. మైకు మనిషి సొంత జట్టు వైపు మాట్లాడుతున్నాడని ఆసిఫాబాద్ వాళ్లు గొడవ చేశారు. తర్వాతి మ్యాచ్‌కు మైకు ఇంకొకరికి ఇచ్చారు. ఆయనకు గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంప్ రూములో ఉద్యోగం మాత్రం మిగిలింది.

ఆ వానాకాలం కరీంనగర్‌లో ఒక డ్రిల్లు సారు దగ్గర బాస్కెట్‌బాల్ నియమాల పుస్తకం చూశాను. భాయ్ చెప్పిందే నిజం. ఒప్పుకుంటే స్కోరు పుస్తకం నా చేతిలోంచి పోతుందని తెలుసు. అయినా చెబుదామనే ల్యాంప్ రూముకు వెళ్లాను. గనిలోకి ఎన్ని దీపాలు పోయాయో రాసుకోవడానికి ఎలాగూ రోజూ అక్కడికి వెళ్లాలి. కిటికీ అవతల ఆయన తలెత్తకుండా "నూట పద్దెన్మిది, తమ్మీ" అన్నాడు. రాసుకుని వచ్చేశాను. మరునాడు నూట ఇరవై ఒకటి. అదీ రాసుకున్నాను.

ఆయన చనిపోయి నాలుగేళ్లు. ఆ ఫైనల్ స్కోరు పుస్తకం నా దగ్గరే ఉంది. అందులో మావి ఇప్పటికీ నలభై. ఆయనకు నేను బాకీ ఉన్నవి రెండు.