పేరు లేని ముక్క

నిన్న ఆళ్లగడ్డకు పోయి వచ్చాను, ఒళ్లుమంట ఇంకా తగ్గలేదు. సేద్యం చేసుకునే మా తమ్ముడి ఇంట్లో మా చర్చి సంఘం కంప్యూటరు ఉంటుంది. అందులో మా నాయన కాలం నాటి బాప్తిస్మాల రిజిస్టరు ఉంది. అసలు పుస్తకాన్ని చెదలు తినేశాయి, నేను టైపు చేసిందొక్కటే మిగిలింది, పింఛనుకు వయసు రుజువు కావాలంటే మా కూలిజనానికి అదే దిక్కు. ఇంకో కాపీ తీసిపెట్టమని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. నిన్న పొద్దున్నే వాడి ఫోను, కంప్యూటరు లేస్తా లేదని. నంద్యాలలో బస్సెక్కి పోయి చూస్తే నల్లటి తెర మీద ఒక్క తెల్ల గీత.

"జాగా చాలకపాయెన్నా. డిస్కులో ఆ చిన్న ముక్కకు పేరు గూడా లేదు, ఊరికే పడుండాది గదా అని పెద్దదాంట్లో కలిపినా."

గట్టు దున్ని చేన్లో కలుపుకున్నంత నిమ్మళంగా చెప్పాడు తమ్ముడు. కంప్యూటరు నిద్రలేచేది ఆ ముక్కతోనే. నోటికొచ్చినట్టు తిట్టాను.

మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పని నేర్పేవాళ్లు ఎలా ఉండేవారో. నంద్యాలలో నాకు పని నేర్పిన షాపు యజమాని, డిస్కు ముట్టే ముందు ముక్కలెన్ని, ఏది దేనికి అని పెన్సిలుతో కాగితం మీద రాయించి, క్యాబినెట్ మూత లోపల అంటిస్తే తప్ప స్క్రూడ్రైవరు చేతికిచ్చేవాడు కాదు. చాదస్తమనుకుని ఒకసారి ఎగ్గొట్టి, నేనూ సరిగ్గా ఇలాంటి ముక్కే చెరిపేశాను. ఆయన పల్లెత్తు మాట అనలేదు, పగలంతా కూర్చుని బాగుచేసి, నా చేతిలో పెన్సిలు పెట్టాడు. తిట్టి ఉంటే ఆనాడే మరిచిపోయేవాణ్ణి.

ఆ అలవాటుకొద్దీ నిన్న మూత విప్పాను. కాగితం లేదు. ఆ కంప్యూటరు బిగించింది నేనే, బస్సుకు టైమవుతోందని రాయకుండా లేచి వచ్చింది నేనే. తమ్ముడి మీది కోపమంతా నా మీదికే తిరిగింది, కానీ నోరు తెరిచి ఆ మాట చెప్పలేకపోయాను.

పెన్‌డ్రైవుతో లేపి, ఆ చిన్న ముక్కను మళ్లీ కట్టేసరికి మధ్యాహ్నం దాటింది. రిజిస్టరు తెరుచుకుంది, పేర్లన్నీ ఉన్నాయి. పెన్సిలు అడిగి తీసుకుని, కాగితం రాసి మూత లోపల అంటించాను.

నాకిప్పుడు అసలు కోపం ఎవరి మీదో తెలియడం లేదు. ఈ మధ్య వచ్చే కంప్యూటర్లు జిగురుతో అతికించి వస్తున్నాయి, విప్పడానికి మూతే లేదు. రేపు నాలాంటివాడు ఎవడైనా తప్పు చేస్తే, లోపల వాడికి ఎవరి చేతిరాతా దొరకదు.