డోరిస్‌కి చెప్పిన మాట

అమెరికాలోని నోవైలో తెలుగువాళ్లు తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌కి కలిసినప్పుడల్లా నళిని మాట్లాడే తీరు మీద ఒక జోకు పడేది. ఎదుటి మనిషి ముఖంలోకి సూటిగా చూస్తూ, ప్రతి మాటకీ పెదాలు బాగా కదిపి మాట్లాడేది.

“ఏంటి నళినిగారూ, మేం చెవిటివాళ్లమా? పప్పులో ఉప్పు తగ్గిందని చెప్పడానికి అంత నోరు తిప్పాలా?” అనేది జయంతి.

“ఇంగ్లండ్ అలవాటు. పోదు,” అని నవ్వేది నళిని.

ఆ అలవాటు అక్కడి బర్న్‌లీలో డోరిస్ దగ్గర అంటుకుంది. 1971లో నళిని భర్త, డాక్టర్ రామమోహన్‌కి ఆ ఊరి ఆస్పత్రిలో ఉద్యోగం దొరికింది. బొగ్గు పొగకి నల్లబడిన రాతి ఇళ్లు, ఒకదాన్నొకటి ఆనుకుని వీధి చివరిదాకా. పక్కింట్లో డోరిస్. నూలు మిల్లులో మగ్గాల మోతకి చెవులు పోగొట్టుకున్న మనిషి. ఆ మోతలో మిల్లు ఆడవాళ్లు ఒకరి పెదాలు ఒకరు చూసుకునే కబుర్లాడేవారు. డోరిస్‌కి ఇంటి దగ్గరా అదే భాష. నళిని చదువుకున్న ఇంగ్లీషు ఆ వీధిలో ఎవరికీ అర్థమయ్యేది కాదు, వాళ్లది ఆమెకీ అంతే. పెదాలు బాగా కదిపితే చాలు, డోరిస్‌తో మాత్రం ఇబ్బంది ఉండేది కాదు.

సోమవారం బట్టలుతికే రోజు. వెనక సందులో ఈ గోడ నుంచి ఆ గోడకి తాళ్లు, వాటి మీద దుప్పట్లు. బొగ్గు బండి వస్తే అందరూ పరుగెత్తి తీసేయాలి. నళిని చీర ఆరేసిన మొదటి సోమవారం, “ఏ సినిమా హాలు కర్టెన్ ఇది, లవ్?” అంది డోరిస్. ఆ ఊళ్లో ఎవర్నైనా ‘లవ్’ అనే పిలుస్తారు.

మొదటిసారి టీకి పిలిచింది కూడా ఆమే. లేచి బయల్దేరుతూ ‘వెళ్తాను’ అనడానికి నళినికి నోరు రాలేదు. “ఐ విల్ గో అండ్ కమ్,” అంది. డోరిస్ టీ చల్లారకుండా కుండకి ఉన్ని టోపీ తొడిగి సాయంత్రం దాకా కూర్చుంది. చివరికి మధ్యగోడ మీద బాదింది. నళిని పరుగున వచ్చింది.

“వస్తానని పోయావు! కోసిపెట్టిన కేకు ఎండిపోయింది.”

“మాలో వెళ్తున్నానని అనరు డోరిస్. వెళ్లొస్తాననే అంటారు.”

“ఎప్పుడొస్తారో చెప్పక్కర్లేదా?”

“అక్కర్లేదు.”

“ఇదేదో మంచి మోసమే!” అంది డోరిస్. మర్నాటి నుంచి పాలవాడినీ, బొగ్గువాడినీ ‘గో అండ్ కమ్’ అనిపించందే వదల్లేదు.

కొన్నాళ్లకి డోరిస్ భర్త పోయాడు. నళిని రోజంతా పక్కన కూర్చుని, మాట్లాడకుండా లేచి వచ్చేసింది. మర్నాడు వెళ్తే డోరిస్ తలుపు సగమే తీసింది.

“నిన్న ఆ మాట అనకుండా పోయావు. ఇక రావా?”

“చావు జరిగిన ఇంట్లో అనకూడదు. మళ్లీ ఇలాంటి పని మీద రాకూడదని.”

“న్యాయంగానే ఉంది,” అని డోరిస్ తలుపు పూర్తిగా తీసింది.

1978లో రామమోహన్‌కి అమెరికాలో అవకాశం వచ్చింది. టాక్సీ గుమ్మం ముందుకొచ్చాక, నళిని చంకలో పిల్ల రేణుని సర్దుకుని ఎప్పటి మాటే అంది.

“ఈసారి ఎప్పుడో చెప్పి పో,” అంది డోరిస్.

“రేణు స్కూల్లో చేరేలోగా.”

రేణు నోవైలో స్కూల్లో చేరింది. రామమోహన్ డాక్టరు పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి రాయాల్సి వచ్చింది. నళిని బర్న్‌లీ ప్రయాణమెత్తితే, “ఇప్పుడే జాయిన్ అయి లీవ్ అడిగితే బాగోదు నళినీ,” అన్నాడు. ఆ తర్వాత ఇల్లు కొంటూ, “హౌస్ క్లోజింగ్ అవనీ.”

“ఆవిడకి ఫోన్ వినపడదండీ. మనిషి ఎదురుగా ఉండాలి.”

“తెలుసు. ఎక్కడికి పోతుందిలే ఆవిడ?”

ఒక క్రిస్మస్‌కి డోరిస్ మేనకోడలు తన ఇంటి నుంచి నళినికి ఫోన్ చేసి, రిసీవర్ డోరిస్ చెవి దగ్గర పెట్టింది. “ఉన్నావా లవ్? నీ నోరు కనపడట్లేదు,” అంటూనే ఉంది డోరిస్. నళిని అరిచి అరిచి పెట్టేసింది.

1986లో రామమోహన్ తనంతట తనే, “ఏప్రిల్‌కి టికెట్లు బుక్ చేద్దాం,” అన్నాడు. నళిని డోరిస్ కోసం ఉన్ని శాలువా కొంది. ఫిబ్రవరిలో, డ్రైవ్‌వేలో మంచు తోసి లోపలికొచ్చేసరికి ఫోన్ మోగుతోంది. మేనకోడలు.

“ఆంటీ నిన్న పోయింది. గురువారం ఫ్యునరల్. అంత దూరం నుంచి మీరు రాలేరనుకోండి...” అని, ఒక సంగతి అడిగింది. “ఇంట్లోంచి ఎవరు కదిలినా ‘గో అండ్ కమ్’ అనమనేది. ఆఖరికి నర్సుల్ని కూడా. అది మీ వైపు మాటేనా?”

“అవును,” అంది నళిని. ఇంకేమీ అనకుండా ఫోన్ పెట్టేసింది.

టీవీ ముందు నుంచి రేణు తల తిప్పింది. “అమ్మా, బై కూడా చెప్పలే. దట్స్ రూడ్.”

“చెప్పకూడదు,” అంది నళిని. గొంతు రాలేదు, పెదాలే కదిలాయి.

“వాట్?” అంది రేణు.