వసంతం పడని కోక

మొగలి రేకు వాసన తగిలితే ఈ వయసులో కూడా నా తల దానంతట అదే వంగిపోతుంది. మొన్న మా అన్నయ్య కూతురు లలిత విజయనగరం నుంచి వస్తూ ఫంక్షన్ హాలు వాళ్ళిచ్చిన పూల నమూనాలు ఒక అట్టపెట్టెలో పెట్టి తెచ్చింది. పైన చామంతులు, లిల్లీలు, ఏవో రంగు వేసిన ఆకులు, అడుగున రెండు మొగలి పొత్తులు. పెట్టె మూత తీసేసరికి గదంతా ఆ వాసనే. "సముద్రం పక్క నుంచి తెప్పించారట, బాగున్నాయి కదత్తా" అంది లలిత. నేను కిటికీ తెరవడానికి లేచాను.

వచ్చే మాఘ శుద్ధ దశమికి అన్నయ్యకీ వదినకీ పెళ్ళై అరవై ఏళ్ళు నిండుతాయి. మా వాళ్ళకి ఎవరి పుట్టిన తిథి కావాలన్నా, ఎవరి పెళ్ళి ఏ ఏడు జరిగిందన్నా నన్నే అడుగుతారు, కనుక ఆ లెక్క కట్టి చెప్పినదాన్ని కూడా నేనే. వేడుక బాధ్యత లలిత తీసుకుంది. పూలకంటే, భోజనాలకంటే ఆమెకి సంగీతం మీద పట్టుదల ఎక్కువ. పొద్దున్న సన్నాయి, భోజనాల వేళ మెల్లగా పాత సినిమా పాటలు, సాయంత్రం డీజే. మధ్యలో ఒకటి మాత్రం ఎవరింటి వేడుకలోనూ లేనిది ఉండాలని ఆమె ఆలోచన.

"అమ్మ పెళ్ళిలో పాడిన వియ్యపురాలి పాట నీకు మొత్తం వచ్చట కదత్తా. నువ్వు పాడితే ఫోన్లో ఎక్కిస్తాను, దానికి డీజే వాళ్ళు డప్పులు కలుపుతారు. ముందు యాంకరు మైకులో ఆ కథ చెప్తుంది. మామ్మ గీరపడి, వసంతం చల్లకముందే లేచి వెళ్ళిపోయిందే, ఆ కథ. జనం పడీ పడీ నవ్వుతారు."

లలిత మామ్మ అంటే మా అమ్మ. మూడు వందల మంది ముందు మా అమ్మ గీర గురించి మైకులో చెప్పడమా, లేక ఆ గీర వెనక ఏముందో ఇన్నాళ్ళకి నేను నోరు విప్పడమా. రెంటిలో ఏది చేసినా సిగ్గుపడవలసింది మా అమ్మే. ఆలోచించి చెప్తానన్నాను.

మాది గజపతినగరానికి ఆమడ దూరంలో చిన్న పల్లె. నా చిన్నతనం ఎప్పుడు తలుచుకున్నా ముందు గుర్తొచ్చేది గెడ్డ వాగులో నార కోసం గోగు కట్టలు నానబెట్టిన కుళ్ళు వాసన. వానలు వెనకబట్టాక ఊరు ఊరంతా మోకాటిలోతు నీళ్ళలో నిలబడి పీచు తీసేది, ఆ పీచు దండేల మీద ఆరేస్తే తెల్లటి జుట్టు విరబోసుకున్నట్టుండేది, వాటి మధ్య దూరి మేము దాగుడుమూతలు ఆడి ఒంటినిండా దురదలతో ఇంటికొస్తే అమ్మ ఆముదం రాసి, రాగి పిండితో కాచిన చోడి అంబలిలో పచ్చి ఉల్లిపాయ నంజుకి ఇచ్చి పడుకోబెట్టేది. అమ్మ ఒంటికి కూడా ఆ గోగు వాసనే, దానితో పాటు పొయ్యి పొగ, పేడ, కాస్త పసుపు. కళ్ళు మూసుకున్నా ఆ వాసనతోనే అమ్మ ఎక్కడుందో చెప్పగలిగేదాన్ని.

అన్నయ్యకి పెళ్ళి కుదిరిన ఏడు గోగు పంట వరద పాలైంది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు నిండి రెండు నెలలు. కోడలికి పట్టుకోక కొన్నారు, నాన్నకి కండువా కొన్నారు, నాకు గౌను కుట్టించారు. అమ్మకి తన పెళ్ళినాటి పట్టుకోక ఒకటి ఉండేది, దాన్ని కట్టుకుంటానంది. తీరా భోషాణం తెరిస్తే కోకకి చెద పట్టి ఉంది. అమ్మ దాన్ని పైకి ఎత్తి చూసింది, అది చేతుల్లోనే రాలిపోయింది. ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని పై వీధిలో సూరమ్మగారింటికి పెరటి దారిన వెళ్ళింది.

సూరమ్మగారు చెడ్డ మనిషి కాదు. తన పెట్టెలోంచి మామిడిపండు రంగు పట్టుకోక, ఎర్రంచుది, తీసి ఇచ్చింది. మడతల మధ్య ఎండిన మొగలి రేకులు. "కింద కూకోకు. వసంతాల కాడ మట్టుకి నిలబడకు సుమా, ఆ పారాణి నీళ్ళ మరక సచ్చినా వదల్దు" అని మూడుసార్లు చెప్పింది. అమ్మ మూడుసార్లూ తలూపింది. దారిలో నాతో అంది: "ఎవులికీ సెప్పకే, పాపా." అప్పట్లో అందరూ నన్ను పాప అనే పిలిచేవారు. అన్నయ్యా వదినా ఇప్పటికీ అలాగే పిలుస్తారు.

ఆడపెళ్ళివారిది సాలూరు అవతల, కొండ దగ్గర ఊరు. వాళ్ళ బంధువొకాయన లారీ డ్రైవరు, పెళ్ళివారిని తీసుకెళ్ళడానికి లారీయే పంపించారు. వెనక గడ్డి పరిచి, దాని మీద జంపఖానాలు వేసి, మామిడాకులు కట్టి, మా ఊరివాళ్ళం నలభై రెండు మందిమి ఎక్కాము. చలిగాలి మొహాన కొడుతుంటే పిల్లలం అరిసెలు తింటూ, మలుపు వచ్చినప్పుడల్లా ఒకరి మీద ఒకరం పడుతూ, దారిపొడవునా మామిడిపూత వాసన పీలుస్తూ వెళ్ళాము. అమ్మ నేత కోకలోనే ఒక మూల కూర్చుంది, ఒళ్ళో మూట. "ఇలా ఇయ్యే, బుట్టలో పెడతాను" అని మా పెద్దమ్మ అడిగినా ఇవ్వలేదు.

విడిదింట్లో తలుపు మూసి అమ్మ ఆ కోక కట్టుకుంది. బయటికి వచ్చి నా జడ సరిచేయడానికి వంగినప్పుడు నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అమ్మ దగ్గర అమ్మ వాసన లేదు. మొగలి రేకులు తప్ప ఏమీ లేదు. అమ్మ నా మొహం చూసింది, జడ వదిలేసింది.

పెళ్ళి మర్నాడు పొద్దున్న వధూవరులు కలిసి తినే బువ్వాలూ అవీ అయ్యాక వియ్యపురాళ్ళ వేడుక. ఆ రోజుల్లో దీని కోసమే పక్క ఊళ్ళ నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చేవారు. మగపెళ్ళివారి ఆడపెద్దను పీట మీద కూర్చోబెట్టి, ఆడపెళ్ళివారి పాటగత్తె ఒక్కో చరణంలో ఒక్కో వంక పెట్టి ఆటపట్టిస్తుంది. అన్ని వంకలూ విన్నాక వసంతం, అంటే పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళు, చెంబుతో మీద పోస్తారు. తడిసిన వియ్యపురాలు నవ్వుతూ లేచి, ఎదురు పాట పాడి, ఆ చెంబు లాక్కుని అవతలివాళ్ళ మీద పోయాలి. అప్పుడే రెండిళ్ళూ ఒకటైనట్టు. మరకపడ్డ ఆ కోకను దాచుకుని, ఏళ్ళ తరబడి అందరికీ చూపించుకునేవారు.

పాడింది వదిన పిన్ని. పొట్టి మనిషి, గంట లాంటి గొంతు. అడ్డపొగ తాగే అలవాటు, అంటుకున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేది. చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకుని, రెండు చేతులూ చరిచి పాట ఎత్తింది. మొదటి చరణం ముక్కు మీద, రెండోది నడక మీద, మూడోది తిండి మీద, వియ్యపురాలు తట్టెడు బూరెలు తిని చెయ్యి కడుక్కుని మళ్ళీ విస్తరేసుకుందని. జనం విరగబడి నవ్వుతున్నారు. అమ్మ పీట మీద కూర్చోలేదు, నిలబడే ఉంది. "కూకోదేటి మీ వియ్యపురాలు, పీట సాలదేటి?" అని ఎవరో అన్నారు. అమ్మ నవ్వింది. ఆ నవ్వు నాకు బాగానే గుర్తుంది, పెదాల వరకే ఉంది. నాలుగో చరణం ఇది:

*కోక సూడండమ్మ వియ్యపురాలి కోక*
*పక్కింటి పెట్టెలోని అరువు కోక*
*కూకుంటె నలిగేను, నిలుసుంటె నయమమ్మ*
*వసంతమాడితే వొప్పసెప్పలేని కోక*

ఆ ఊళ్ళో ప్రతి పెళ్ళిలోనూ ప్రతి వియ్యపురాలి మీదా పాడే చరణమే అది. నగలు వేసుకున్న షావుకారు భార్యకయినా అదే. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. ఎవరో చెప్పేశారనుకున్నాను. అమ్మ కొంగు పట్టుకుని, "సూరమ్మగారు సెప్పేసినాదేటమ్మా?" అని అడిగాను.

అమ్మ నా భుజం మీద గిచ్చింది. అప్పటికే ఒకామె ఎర్రనీళ్ళ చెంబు ఎత్తింది. అమ్మ కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ, విడిదింట్లోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

వదిన తండ్రి వచ్చి తలుపు బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పైపోనాది, సెల్లెమ్మా. ఆడోల్ల పాట, మనసులో ఎట్టుకోకమ్మా" అని బతిమాలాడు. లోపల గోడవార నేను కూర్చుని ఉన్నాను. అమ్మ అప్పటికే నేత కోకలోకి మారిపోయింది. పట్టుకోకను పాత మడతల వెంబడే మడుస్తూ, రేకులు వాటి చోట్లలో పెడుతూ, కన్నీళ్ళు దాని మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుని, గొంతు మాత్రం గట్టిగా పెట్టి అంది: "మా ఇంటా వంటా ఇలాటి కూతలు లేవన్నయ్యా. మాకు గిట్టవు."

ఆమె గొంతులో అంత గర్వం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు. భోజనాలకి కూడా రాలేదు. పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు, బూరెలు వడ్డించిన ఆ పంక్తిలో నేను విస్తరి ముందే మడిచేశాను. తిరుగు ప్రయాణంలో అమ్మ పక్కన కూర్చోకుండా పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. అమ్మను చూసి సిగ్గుపడ్డాను. తొమ్మిదేళ్ళ పిల్ల సిగ్గు అది, అప్పటి నుంచి నాతో పాటే పెరుగుతూ వచ్చింది.

మర్నాడు సూరమ్మగారు కోకను వెలుతురుకి ఎత్తిపట్టి అంచు నుంచి అంచు దాకా చూసింది. "బాగానే తెచ్చినావు" అంది. అమ్మకి మాత్రం ఒక పేరు మిగిలింది. గీరమనిషి. అమ్మ పోయేదాకా ఆ చుట్టాల్లో ఆమెకదే పేరు. వదిన కూడా నలుగురిలో ఉన్నప్పుడు, "మా అత్తకి గీర, నా పెళ్ళిలో వసంతానికే నిలబడలేదు" అనేది. ఆ మాట ఎవరింట్లో, ఏ శుభకార్యంలో, ఎన్నిసార్లు అందో నాకు లెక్క ఉంది. ప్రతిసారీ నిజం నాలిక చివరిదాకా వచ్చేది. గీర కాదు, కట్టుకోవడానికి కోక లేక అని చెప్పలేక మింగేసేదాన్ని. మింగిన ప్రతిసారీ వదిన మీద కాస్త కోపం పేరుకునేది.

కథ సంగతి తర్వాత చూద్దాం, ముందు పాట ఎక్కిద్దామని లలిత పట్టుబడితే, మొన్న మధ్యాహ్నం ఇవన్నీ మనసులో పెట్టుకునే పాడటానికి కూర్చున్నాను. వదిన మంచం మీద కాళ్ళు చాపుకుని కందికాయలు ఒలుస్తోంది. లలిత ఫోను నా ముందు పెట్టింది. అరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ పాట పైకి పాడి ఎరగను, అయినా ఒక్క మాట తప్పలేదు. ఆ రోజు విననివి, నాలుగో చరణం తర్వాతవి, వదిన పని చేసుకుంటూ తీసే కూనిరాగాల్లో పట్టుకున్నవే. ఏడు చరణాల్లో ముక్కు, నడక, తిండి అయ్యాయి. నాలుగో చరణం దగ్గరికి వచ్చేసరికి పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాను.

అంతలో వదిన అందుకుంది. కందికాయలు పక్కన పెట్టి, చేతులు చరిచి, వాళ్ళ పిన్నిలాగే గొంతెత్తి, తిండి తర్వాత తిన్నగా నగల చరణం పాడింది. నేనూ గొంతు కలిపాను. చివర్లో దీవెన దాకా ఇద్దరం కలిసే పాడాము. లలిత సంబరపడి డీజేకి ఫోను చేయడానికి వీధిలోకి వెళ్ళింది.

"కోక సరణం వదిలేసినావు, వదినా" అన్నాను.

"మా ఊల్లో దాన్ని ఎవులూ పాడరే, పాపా" అంది వదిన మళ్ళీ కందికాయలు అందుకుంటూ. "ఆ రోజు నువ్వు మీ అమ్మనడిగిన మాట మా పిన్ని సెవిని పడ్డాది. నిజం పాడితే అది పాట కాదు, తగువు అనీది మా పిన్ని. అది మొదలు ఏ పెళ్ళిలోనూ ఆ సరణం నోట రానియ్యలేదు. పాట నేర్సుకోడానికొచ్చిన ఆడగుంటలకీ సెప్పలేదు. ఇప్పుడున్నోల్లకి అదొకటున్నాదని కూడా తెల్దు."

ఆ మాట ఎవరి చెవినీ పడలేదనే నేను ఇన్నాళ్ళూ నమ్మాను.

"మరి నువ్వు అమ్మని గీర, గీర అని..."

"నన్ను అప్పగించినప్పుడే పిన్ని సెవిలో సెప్పింది. అత్తకి గీరనుకోనీ, ఆవిడ కోరుకున్న పేరది, నువ్వు సెరపకు అన్నాది." వదిన ఒక కాయ చిట్లించింది. "గీరున్నోల్లింటికి కోడలెల్లిందనుకున్నారు మావోల్లు. లేనోల్లింటికనుకోలేదు. నీకు మాత్రం ఏటి నష్టమే?"

నష్టం నేను లెక్క కట్టి పెట్టుకున్నాను మరి. వదిన ఆ పేరు నిలబెట్టిన ప్రతిసారినీ నేను ఆమె చేసిన తప్పు కింద రాసుకున్నాను. ఇన్నాళ్ళూ అమ్మను చూసి సిగ్గుపడ్డాను, ఆ సిగ్గునైనా తొమ్మిదేళ్ళ వయసు మీదికి తోసెయ్యవచ్చు. మొన్న మధ్యాహ్నం వదిన ముందు పడ్డ సిగ్గుకి ఏ వయసూ అడ్డం రాదు. నేనూ ఆమె పక్కన కూర్చుని కొన్ని కాయలు ఒలిచాను. కిటికీ తెరిచే ఉన్నా మొగలి వాసన ఇంకా గదిలో ఉంది.

ఇప్పుడు పీటా లేదు, వసంతమూ లేదు. వియ్యపురాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని ఫోటో దిగుతారు. పక్కింటి కోక కట్టుకోవలసిన అవసరం ఎవరికీ లేదు, పాడితే చరణం అర్థమయ్యేవాళ్ళూ తక్కువే. వదిన పిన్ని గొంతు పోయింది, సూరమ్మగారి పెట్టె పోయింది. ఆ నాలుగు పంక్తులు మాత్రం వాటంతట అవి పోలేదు, ఒక మనిషి పరువు కోసం ఒక ఊరు చేతులారా పోగొట్టుకుంది. ఎక్కడైనా మిగిలితే నా దగ్గరే, నేను ఏదీ మరిచిపోను గనక.

లలిత ఫోను చెవి దగ్గరే పెట్టుకుని లోపలికి వచ్చింది. "డీజే అబ్బాయి అడుగుతున్నాడత్తా. పాటలో మొత్తం ఎన్ని చరణాలు?"

వదిన తలెత్తలేదు. చేతిలో కందికాయ మాత్రం ఆగింది.

"ఆరు" అన్నాను.

"కథ మైకులో చెప్పించొచ్చా మరి? మామ్మ గీర కథ?"

"చెప్పించు" అన్నాను. "మా అమ్మకి చాలా గీర."